ఆస్పత్రిలో ఆడిన బెనిఫిట్ షో!

మన చెన్నూరు దగ్గర గోదారి ఉత్తరానికి మళ్ళుతుంది. అందుకే అక్కడ మునిగితే మరింత పుణ్యమంటారు. మనుషుల బతుకుల్లోనూ అలాంటి మలుపులుంటాయి. ఇది ఓ సంగీత దర్శకుడి మలుపు కథ. ఆయన పేరు హాండెల్. జర్మనీలో పుట్టి, లండన్‌లో స్థిరపడ్డ మహానుభావుడు.

బెనిఫిట్ షో అనగానే మనకి గుర్తొచ్చేది అభిమాన హీరో బొమ్మ, టికెట్ కోసం తోపులాట! కానీ ఆ మాటకి అసలర్థం ఆపదలో ఉన్నవాళ్ళ కోసం వేసే ఆట అని. 1977లో దివిసీమ ఉప్పెన వస్తే ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి జనంలోకి వచ్చారు చూడండి, ఆ కోవ అన్నమాట. లండన్‌లో ఆ పని 1750లోనే జరిగింది. అదీ ఓ ఆస్పత్రిలో!

ఫౌండ్లింగ్ హాస్పిటల్ దాని పేరు. ఆ రోజుల్లో హాస్పిటల్ అంటే రోగులకే కాదు, దిక్కులేనివాళ్ళకు ఆశ్రయం కూడా. లండన్ వీధుల్లో పసికందులు చచ్చిపడి ఉండటం చూసి థామస్ కోరం అనే నావికుడు చలించిపోయాడు. ఏళ్ళ తరబడి గొప్పవాళ్ళ గడపలు తొక్కి, 1739లో రాజుగారి అనుమతి సంపాదించాడు. 1741లో మొదటి పిల్లలు వచ్చారు. తీరా చూస్తే తల్లులు ఎక్కువ, ఉయ్యాలలు తక్కువ! దాంతో సంచిలో రంగు బంతులు వేసి, తల్లుల చేత తీయించేవాళ్ళు. తెల్లబంతి వస్తే బిడ్డను తీసుకుంటారు. నల్లబంతి వస్తే ఎత్తుకుని వెనక్కి పోవలసిందే.

మన సినిమాల్లో లాకెట్ చూసి అన్నదమ్ములు కలుసుకుంటారే, అలాంటిది అక్కడ నిజంగా ఉంది! తల్లులు బిడ్డతోపాటు ఓ గుడ్డ ముక్కో, నాణెమో, గుండీయో గుర్తుగా వదిలేవాళ్ళు. మళ్ళీ వచ్చి పోల్చుకోవచ్చని ఆశ. కానీ తిరిగొచ్చిన తల్లులు బహు కొద్దిమంది.

ఇక మన సంగీత దర్శకుడి సంగతి. 1741లో ఇరవై నాలుగు రోజుల్లో 'మెసయ్య' అనే సంగీత కృతి పూర్తిచేశాడు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో తొలి కచేరీ. వచ్చిన డబ్బు ఆస్పత్రులకు, అప్పులు తీర్చలేక జైల్లో పడ్డవాళ్ళ విడుదలకు పోయింది. అక్కడ జయజయధ్వానాలు! కానీ మరుసటేడు లండన్‌లో మాత్రం చప్పగా నడిచింది. దేవుడి కథను నాటకశాలలో పాడటమేమిటని విమర్శలు కూడా.

1749లో ఆ పిల్లల ఆశ్రయానికి ప్రార్థనా మందిరం కడుతుంటే, డబ్బు కోసం కచేరీ చేస్తానని హాండెల్ ముందుకొచ్చాడు. 1750 మే 1న అక్కడే 'మెసయ్య' వినిపించాడు. టికెట్ అర గినీ. జనం విరగబడ్డారు! లోపల చోటు దొరక్క చాలామంది వెనుదిరిగితే, మే 15న మళ్ళీ వేశారు. అప్పట్నించీ ఏటా అదే పండగ. వాద్యకారులు నలభైమందికి లోపే, గాయకులు ఇరవై పైచిలుకు. ఈనాటి వందలమంది బృందాల ముందు అది చిన్న మేళమే! అయినా నాటకశాలలో అంతంతమాత్రంగా నడిచిన కృతి, అనాథల ఇంట్లో అమరమైంది.

తర్వాత హాండెల్ చూపు పోయింది. అయినా ఆ ఇంటిని మరవలేదు. 1759లో కన్నుమూసేముందు వీలునామాలో 'మెసయ్య' ప్రతి ఒకటి ఆ పిల్లలకే రాసిచ్చాడు. చూశారా, ఆయన వాళ్ళకి అన్నం పెట్టాడు, వాళ్ళు ఆయన పాటకి ఆయుష్షు పోశారు!

ఆ పాత భవనాన్ని తర్వాత పడగొట్టేశారు. పక్కనే 2004లో ఓ మ్యూజియం తెరిచారు. తల్లులు వదిలిపోయిన గుర్తులు, హాండెల్ రాసిచ్చిన స్వరాల ప్రతి ఇప్పుడక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి.

ఈసారి బెనిఫిట్ షో అన్న మాట చెవిన పడితే, ఆ గుడ్డ ముక్కల్ని ఒక్కసారి తలచుకోండి.