రెండు సీట్ల కారు: అపోహలు, వాస్తవములు

ఒంగోలు గిత్తను కొనబోవు రైతు సంతలో దాని పండ్లు లెక్కించును, సుడులు వెదకును, నాలుగడుగులు నడిపించి గిట్టల వాలకము పరికించును. ధర మాట తుండుగుడ్డ చాటున వ్రేళ్ళు కలిసిన పిమ్మటగాని తేలదు. అట్టి రైతు మనుమడు డాలస్ నగరమున ఉద్యోగము చేయుచు, చేతిలో నాలుగు డాలర్లు నిలిచిన వెంటనే, పైకప్పు వెనుకకు మడచుకొను రెండు సీట్ల స్పోర్ట్సు కారుపై మనసు పడినాడనుకొందము. అతడు మొదట ధర చూచును, పిమ్మట రంగు చూచును, అంతతో పరీక్ష ముగించును. ఇంటికి ఫోను చేసి చెప్పగా, పెదనాన్న "ఒరే అబ్బాయీ, ఆ బండిని కొనుట తేలిక గాని మేపుట కష్టమురా" అనును. నా మట్టుకు నాకు ఆ కుర్రవాని కోరికయందు దోషమేమియు కనబడదు. దోషమంతయు అతని పరీక్షలోను, పెదనాన్నగారి హెచ్చరికలోను కలదు.

స్పోర్ట్సు కారనగా మితిమీరిన బలము, అమితమైన వేగము, అందువలన అపారమైన ఖర్చు అనునది అపోహలన్నిటికిని తల్లివేరు. హిరోషిమాకు చెందిన మాజ్దా సంస్థ 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనమున మియాటా యను బండిని ప్రజల యెదుట నిలిపినది. దాని ఇంజిను 1.6 లీటర్లది, బలము 116 అశ్వశక్తులు, బరువు వెయ్యి కిలోలకు లోపు, ఆ యేడే అమెరికాలో అమ్మకమునకు వచ్చినపుడు ధర 13,800 డాలర్లు. తిన్నని బాటపై ఆనాటి కుటుంబపు కార్లలో కొన్ని దానిని అవలీలగా దాటిపోగలిగినవే. ఇట్టి బండి కావలెనని మాజ్దావారి చెవిలో వేసినవాడు బాబ్ హాల్ అను అమెరికా దేశపు మోటారు పత్రికా రచయిత. దానికి రూపు దిద్దిన బృందమును నడిపినవాడు తోషిహికో హిరాయ్. వారి మనసులలో మెదలిన నమూనా 1962 నాటి ఇంగ్లండు బండి లోటస్ ఎలాన్. వీరందరును కోరినది బలము కాదు, తేలికదనము. మలుపు తిరుగునపుడు బండి చేతికి చిక్కిన గాలిపటమువలె మెదలవలెనన్నదే వారి పట్టుదల. 2016 ఏప్రిలునాటికి అట్టివి పది లక్షలు తయారైనవి. పది లక్షల ఐశ్వర్యవంతులు కట్టగట్టుకొని దీనినే కోరినారనుట పొసగదు గదా!

ఆనందమునకు హేతువైన ఆ తేలికదనమే ఖర్చు తగ్గుటకును హేతువగుట ఇందలి విశేషము. రెండువేల కిలోల బండిని ఆపవలసిన బ్రేకులు త్వరగా అరుగును, మోయవలసిన టైర్లు వెడల్పుగను ప్రియముగను ఉండును, కదల్పవలసిన ఇంజిను ఎక్కువ త్రాగును. అందులో సగము బరువు గల బండికి ఈ మూడు బాధలును తగ్గును. 2012లో టయోటా, సుబారు సంస్థలు కలిసి 86, బీఆర్‌జెడ్ అను జంట బండ్లను తెచ్చినపుడు, పొదుపునకు మారుపేరైన ప్రియస్ కారునకు వాడిన రకపు సన్నని టైర్లనే వానికిని తొడిగిరి. పట్టు తక్కువైనచో తక్కువ వేగముననే మలుపులోని సరదా చిక్కునని వారి తలంపు. కొన్నవాని జేబునకు అది కోరని మేలు. ఇటీవలి రెండు లీటర్ల మియాటా గాలను పెట్రోలునకు నగరమున 26, రహదారిపై 34 మైళ్ళు నడచునని అమెరికా ప్రభుత్వపు లెక్క.

రెండు సీట్ల బండి వారమునకు నాలుగు దినములు షెడ్డులోనే ఉండునను మాట మాత్రము ఉత్త కల్పన కాదు, ఒకప్పటి అనుభవము. 1962 నుండి 1980 వరకు తయారైన ఎంజీబీ మొదలగు ఇంగ్లండు బండ్ల నూనె కారుటలు, వాన పడిన చీకటి రాత్రి కన్నుమూయు దీపములు, తుప్పు రేకులు ఒక తరమువారిని ఏడ్పించినవి. తండ్రులు చెప్పిన ఆ కథలే కొడుకులు జపానుబండికిని అంటగట్టుచున్నారు. మియాటా ఇంజినేమో సామాన్య కుటుంబపు కారైన మాజ్దా 323 వంశమునకు చెందినది. తొలి బండ్లలో అరువదివేల మైళ్ళకొకమారు మార్చవలసిన టైమింగ్ బెల్టు పొరపాటున తెగినను, కవాటములు పిస్టన్లను తాకి విరుగని అమరిక దానిది. బండి ఆగిపోవును గాని ఇంజిను చావదు. అయినను జపానువారిది గనుక చెడనే చెడదనుట మరియొక అపోహ. 1990, 91 నాటి మియాటాలు కొన్నిటికి క్రాంకు కొన యందు బలహీనత కలదు. 2016 ప్రాంతపు కొత్త తరమువానిలో కొన్నిటికి గేర్‌బాక్సు చెడినది. టయోటా, సుబారు జంటలో తొలినాటి బండ్లను కవాటపు స్ప్రింగులు విరుగునను భయమున 2018లో వెనుకకు పిలిపించిరి. కావున విచారింపవలసినది ఏ దేశపు బండియని కాదు. ఏ యేటి బండి, దానికి తెలిసిన జబ్బేమి, ఆ జబ్బునకు చికిత్స జరిగినట్లు కాగితము కలదా అని.

తక్కువ తిరిగిన బండియే మేలను నమ్మకముపై నాకు కొంత కోపము కలదు, ఏలయన అది వివేకపు వేషమున తిరుగు అవివేకము. పదునైదేండ్లలో ఇరువదివేల మైళ్ళు మాత్రమే తిరిగిన కారనగా, పదునైదేండ్లు కదలక పడియున్న కారని అర్థము. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. నడచినను నడువకున్నను రెండు మూడేండ్లకు మార్చవలసినదే. రబ్బరు సీళ్ళు ఎండి బీటలు వారును. టైరుపై చాళ్ళు లోతుగా కనబడినను, ప్రక్కన ముద్రించిన నాలుగంకెలు, ఏ యేటి ఎన్నవ వారమున అది పుట్టినదో చెప్పి, దాని వార్ధక్యమును బయటపెట్టును. అన్నిటికంటె ముఖ్యమైనది తుప్పు. గుడ్డకప్పు మీద పడిన వాన సీట్ల వెనుక మూలలనుండి రెండు సన్నని గొట్టముల గుండ చక్రముల ముందుగా నేలకు జారవలెను. చెట్టు క్రింద నిలిపిన బండిలో ఆకులును మట్టియు ఆ గొట్టములను పూడ్చగా, నీరు తలుపుల క్రింది పెట్టెరేకులలోనికి దిగి, పైకి రంగు తళతళలాడుచుండగనే లోపలినుండి తినివేయును. మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లు ప్రాంతములలో ఈ వ్యాధి మరింత ప్రబలము. ఏటేట సర్వీసు రసీదులతో లక్ష మైళ్ళు తిరిగిన టెక్సాసు బండికిని, ఇల్లు కదలని మిచిగన్ బండికిని పోటీ పెట్టినచో, నేను మొదటిదానినే చేపట్టుదును.

"అంతే సొమ్మునకు పాత పోర్షే వచ్చుచుండగా జపానుబండి ఏల?" అని యడుగు మిత్రుడు ప్రతి గుంపులోను ఒకడుండును. 1996లో వెలువడిన పోర్షేవారి బాక్‌స్టర్ మనోహరమైన బండి. ఆ మాట కాదనను. అయితే ఇంజిను లోపల మధ్యదండమును మోయు చిన్న బేరింగు ఒకటి అందు కలదు. అది చితికినచో లోహపు తునకలు ఇంజినంతట వ్యాపించి, బండి ఖరీదుకంటె మరమ్మతు ఖర్చు మిక్కుటమగు దశ వచ్చును. అన్ని బండ్లకును ఇట్లు జరుగదు. 2009 నాటి కొత్త ఇంజినులో ఆ బేరింగే లేదు. పాతవానికి, క్లచ్చి మార్చుటకై గేర్‌బాక్సు దింపినపుడే దానినిగూడ మార్చుట తెలిసినవారి పద్ధతి. నేను చెప్పవచ్చినదేమనగా, కారు ధర పదింట మూడు వంతులకు దిగినను, దాని విడిభాగముల ధరలు పుట్టుకనాటి హోదాను విడువవు. చితికిన జమీందారు ఇంటి పెండ్లివంటిది ఆ వ్యవహారము.

ఎఱ్ఱ కారునకు బీమా ఎక్కువను మాట ఉత్త సుడిశాస్త్రము. వాహనమును గుర్తించు పదునేడక్షరముల సంఖ్యలో రంగునకు చోటే లేదు. బీమావారు దానిని అడుగనైన అడుగరు. వారడుగునది నడుపువాని వయసు, నివాసము, పూర్వపు ప్రమాదములు. చూచునది ఆ నమూనా బండ్లకు తాము చెల్లించిన నష్టపరిహారములు. ఇరువది రెండేండ్ల కుర్రవానికి తెల్లకారును ప్రియమే.

ఇంతకు ముందటి యజమాని టర్బో తగిలించి, స్ప్రింగులు కుదించి, సైలెన్సరు మార్చి వేలు వ్యయపరచినాడు గనుక విలువ పెరిగినదనుటయు ఇట్టిదే. కొనువారు వెదకునది కార్ఖానానుండి వచ్చినట్లున్న బండిని. పెట్రోలు, సర్వీసు మాత్రమే లెక్కకట్టువారు మరచు పెద్ద పద్దు, అమ్మునాటికి తరిగిన విలువ. మార్పులు లేని రెండు సీట్ల బండి ఆ పద్దులోనే యజమానిని ఆదుకొనును.

ఈ లెక్కలేవియు విజయవాడకు గాని హైదరాబాదునకు గాని వర్తింపవు. మాజ్దా మన దేశమున కార్లు అమ్ముట లేదు. దిగుమతి సుంకము కలిసినచో అక్కడి చౌకబండి ఇక్కడ రాజవాహనమగును. ఈ విషయమున పెదనాన్నగారి హెచ్చరిక, ఆయన కూర్చున్న అరుగుమీద నుండి చూచినంతవరకు, సత్యమే.

డాలసులోని కుర్రవాడు మాత్రము శనివారమునాడు బండి చూడబోవునపుడు ఒక నీళ్ళసీసా వెంట తీసికొనిపోవలెను. సీట్ల వెనుక, కప్పు అతుకు మూలలలో కొంచెము నీరు పోసి, మోకాళ్ళపై వంగి వెనుక చక్రముల ముందు చూడవలెను. రెండు ప్రక్కలను నీరు ధారగా నేలపై బడినచో, అప్పుడు అమ్మువానిని ధర అడుగవచ్చును.