వానలో సైకిల్ తొక్కినా పాదాలు తడవకూడదంటే? వాటర్‌ప్రూఫ్ షూ కొనేముందు ఇది చదవండి

ఫోన్ కొనేటప్పుడు ఐపీ68 ఉందా లేదా అని చూస్తాం. వానాకాలం రాగానే సైకిల్ తొక్కేవాళ్లు అదే లెక్కతో ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్న షూ కోసం వెతుకుతారు. కానీ ఫోన్ అన్నివైపులా సీల్ అయి ఉంటుంది. షూకి మాత్రం పైన కాలు పట్టేంత రంధ్రం ఉంటుంది!

నేను మియాపూర్ నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తాను. తడిసిన సాక్సుతో రోజంతా ఏసీలో కూర్చుంటే కాలివేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడుతుంది, ఫంగస్ పట్టే ఛాన్స్ ఎక్కువ. కాబట్టి ఇది కేవలం చిరాకు విషయం కాదు. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం.

నీళ్లు వచ్చే నాలుగు దారులు

1. ముందు చక్రం: చాలామంది పట్టించుకోనిది ఇదే. టైరు రోడ్డు మీది నీళ్లను పైకి లేపి వెనక్కి చిమ్ముతుంది. అవి సరిగ్గా మన పాదాల మీద, చైన్ మీద పడతాయి. వాన ఆగిపోయినా రోడ్డు తడిగా ఉన్నంతసేపూ ఈ జల్లు ఆగదు.

2. కాలి మీదుగా: ప్యాంటు మీద పడ్డ నీళ్లు కిందికి జారి సాక్సులోకి దిగుతాయి. సాక్సు దీపం వత్తిలా పనిచేస్తుంది. పై అంచు తడిస్తే చాలు, తడి లోపలిదాకా పాకుతుంది.

3. అడుగు నుంచి: పెడల్‌కి లాక్ అయ్యే సైక్లింగ్ షూ అయితే సోల్‌లో క్లీట్ బిగించే రంధ్రాలు ఉంటాయి. ఇన్‌సోల్ తీసి, లోపలి నుంచి వాటర్‌ప్రూఫ్ టేప్ వేస్తే సరిపోతుంది.

4. లోపలి నుంచి: చెమట! బయటి నీళ్లన్నీ ఆపినా ఇది మిగులుతుంది.

మెంబ్రేన్ ఎలా పనిచేస్తుంది?

ఖరీదైన వాటర్‌ప్రూఫ్ షూల్లో గోర్‌టెక్స్ లాంటి పొర ఉంటుంది. 1969లో బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌ను వేగంగా సాగదీసి కనిపెట్టిన పదార్థమే దీనికి మూలం. ఇందులోని సూక్ష్మ రంధ్రాల గుండా నీటి బొట్టు దూరదు, ఆవిరి మాత్రం బయటికి పోతుంది. చాలా ఫోన్లలో మైక్, స్పీకర్ రంధ్రాల వెనుక ఉండేది కూడా ఈ రకం పొరే.

మరి సమస్య ఏంటి? లోపల, బయట తేమలో తేడా ఉంటేనే ఆవిరి బయటికి కదులుతుంది. చలిదేశంలో ఆ తేడా ఎక్కువ. జులైలో హైదరాబాద్‌లోనో, విశాఖలోనో బయటి గాలే వెచ్చగా, తేమగా ఉంటుంది కాబట్టి చెమట లోపలే ఉండిపోతుంది. పైనుంచి నీళ్లు దిగితే ఇంకా ఘోరం, నీళ్లు బయటికి పోనివ్వని షూ బకెట్ అయిపోతుంది.

మరి ఏం చేయాలి?

ముందుగా మడ్‌గార్డ్. ఇప్పుడొచ్చే చాలా గేర్ సైకిళ్లకు ఇది ఉండదు, ఉన్నా పొట్టిగా ఉంటుంది. ముందు చక్రానికి ఫుల్ మడ్‌గార్డ్ వేయించి, కింద ఒక ఫ్లాప్ తగిలించండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ కోసి జిప్ టైలతో కట్టినా చాలు. ఫ్లాప్ అంచు రోడ్డుకి ఒక జానెడు కంటే తక్కువ ఎత్తులో ఉండాలి, కానీ టైరుకి తగలకూడదు.

రెండోది, రెయిన్ ప్యాంటు అంచు షూ లోపలికి దోపొద్దు, షూ మీదికి వదలండి. కుడి కాలు వైపు చైన్‌లో పడకుండా ఒక బ్యాండ్ పెట్టుకోండి.

ఆపై మీ పరిస్థితిని బట్టి:

• అరగంటలోపు ప్రయాణం, చిన్న వాన: మామూలు షూ మీద షూ కవర్. అడుగున గ్రిప్ ఉన్నదే తీసుకోండి. పాలిథిన్ కవర్ కట్టుకుంటే పెడల్ మీద కాలు జారుతుంది.

• మన జోరువాన: వెనుక స్ట్రాప్ ఉన్న శాండిల్స్. తడవనివ్వండి! ఆఫీసులో కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడుచుకుని, డ్రైగా ఉన్న సాక్సు, షూ వేసుకోండి. కాలికి గాయం ఉంటే మాత్రం ఇది వద్దు. రోడ్డు మీది మురికినీటి వల్ల లెప్టోస్పైరోసిస్ లాంటి ఇన్ఫెక్షన్లు రావచ్చు.

• జర్మనీ, యూకేలో చదువుకుంటున్నవాళ్లు: చలికి తడి తోడైతే వేళ్లు మొద్దుబారతాయి. మెంబ్రేన్ షూ, నియోప్రీన్ ఓవర్‌షూ డబ్బులకు అసలైన న్యాయం జరిగేది అక్కడే.

తడిసిన షూ ఆరాలంటే

ఇన్‌సోల్ బయటికి తీసి, న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, గంటకోసారి మార్చండి. తర్వాత ఫ్యాన్ కింద పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడికి సోల్ జిగురు ఊడే ప్రమాదం ఉంది. సిలికా జెల్ ప్యాకెట్లతో పని కాదు, 5 గ్రాముల ప్యాకెట్ పీల్చేది మహా అయితే ఒకటి రెండు గ్రాముల నీళ్లే.

ఫైనల్‌గా నా సజెషన్: మన ఊళ్లలో ఆఫీసుకో కాలేజీకో సైకిల్ తొక్కేవాళ్లు ముందుగా ఖర్చు పెట్టాల్సింది మడ్‌గార్డ్ మీద, తర్వాత ఆఫీసు లాకర్‌లో ఉంచే ఒక జత షూ మీద. వాటర్‌ప్రూఫ్ షూ లిస్టులో చివరికి పోతుంది. ఒక్క విషయం, నీళ్లు నిలిచి రోడ్డు కనిపించకపోతే ఏ గేర్ ఉన్నా దిగి ఆగిపోండి. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికీ కనిపించదు.