పిల్లలకు ఈత: విడిగా నేర్పించాలా, నలుగురితో కలిపి నేర్పించాలా?

ఎండలు ముదిరేసరికి ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో అపార్ట్‌మెంట్ల ఈత కొలనులు తెరుచుకుంటాయి. చలికాలంలో ఆరుబయటి కొలనులు మూతపడతాయి కాబట్టి నేర్చుకోవడానికి దొరికేది కొద్ది నెలలే. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఏటా వచ్చే సందేహం ఒకటే: ఎక్కువ ఫీజు కట్టి బిడ్డకు విడిగా కోచ్‌ను పెట్టాలా, పదిమందితో కలిపి నేర్పించాలా?

ఇది సరదాకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో అయిదేళ్లలోపు పిల్లలే దాదాపు నాలుగో వంతు. వైశాలి ఉన్న గాజియాబాద్ జిల్లాలోనే మురాద్‌నగర్ మీదుగా గంగ కాలువ పారుతోంది. సెలవులకు తాతగారి ఊరు వెళ్తే అక్కడ చెరువులు, పంట కాలువలు ఉంటాయి.

మన శరీర సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతతో సమానం. ఊపిరి బిగబట్టి వెల్లకిలా పడుకుంటే చాలామంది తేలతారు. భయంతో బిగుసుకుపోయి, తల పైకెత్తి చేతులు కొట్టుకుంటే మునుగుతారు. పూర్వం పల్లెల్లో నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి బావిలోకి దించేవారు. బుర్ర తేల్చుతుంటే బిడ్డకు ముందు భయం పోయేది, తర్వాత ఈత వచ్చేది. కాబట్టి ఏ పద్ధతి భయాన్ని తగ్గించి, ఎక్కువ సాధన చేయిస్తుందన్నదే చూడాలి.

విడి శిక్షణలో ఉన్న లాభం సమయం. 45 నిమిషాల తరగతిలో ఆరుగురు పిల్లలు వంతులవారీగా నేర్చుకుంటే ఒక్కొక్కరికి కోచ్ దృష్టి ఏడున్నర నిమిషాలకు మించి దొరకదు. అదే విడిగా అయితే అరగంట పాఠంలో అరగంటా ఆ బిడ్డదే. తప్పు చేసిన వెంటనే సరిదిద్దుతారు. నీళ్లంటే తీవ్రమైన భయం ఉన్నవారికి, ఆటిజం వంటి ప్రత్యేక అవసరాలున్నవారికి ఇది మేలు. అయితే చిన్నపిల్లలు త్వరగా అలసిపోతారు. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది కాబట్టి వారి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. అందుకే పాఠం పొడవు పెంచినంత మాత్రాన ఫలితం పెరగదు.

బృందంలో ఉన్న బలం వేరు. అమెరికాలో మారీన్ వైస్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో నీళ్లంటే భయపడే 24 మంది పిల్లలను పరిశీలించింది. వారి సగటు వయసు ఆరేళ్లు. తమ ఈడు పిల్లలు ఈత కొట్టడం వీడియోలో చూస్తూ నేర్చుకున్నవారు, అలా చూడనివారి కంటే మెరుగ్గా ఈదారు. వారిలో భయమూ తగ్గింది. ముందు జంకి, క్రమంగా ధైర్యం తెచ్చుకునే పిల్లలను చూసినవారిలో ఆత్మవిశ్వాసం ఇంకా పెరిగింది. పెద్దవాడైన కోచ్ ఎంత బాగా ఈది చూపినా ‘నాలాంటివాడే చేశాడు’ అన్న నమ్మకం కలిగించడం కష్టం. తన వంతు కోసం ఆగే సమయంలో బిడ్డ చూసి నేర్చుకుంటుంది, ఊపిరీ తీసుకుంటుంది.

అందువల్ల చాలామందికి మధ్యేమార్గం సరిపోతుంది. బాగా భయపడే బిడ్డకు ముఖం నీటిలో ముంచడం, తేలడం వచ్చేవరకు కొన్ని విడి పాఠాలు చెప్పించి, ఆపై చిన్న బృందంలో చేర్చవచ్చు. భయం లేనివారిని మొదటి నుంచే బృందంలో వేయవచ్చు. ఏది ఎంచుకున్నా డబ్బు కట్టేముందు ఒక తరగతిని గట్టున నిలబడి చూడాలి. పిల్లలు నీటిలో కదులుతున్నారా, గోడ పట్టుకుని వణుకుతూ నిలబడ్డారా? కోచ్ కాక విడిగా లైఫ్‌గార్డ్ ఉన్నారా? మునిగేవారు సాధారణంగా కేకలు వేయలేరు. ఒకరికి నేర్పుతున్న కోచ్ మిగతా అందరినీ కనిపెట్టలేరు.

ఫలితాన్ని ఎన్ని పొడవులు ఈదారన్న దానితో కొలవకూడదు. అమెరికన్ రెడ్‌క్రాస్ అయిదు నైపుణ్యాలు చెబుతుంది: తల మునిగే లోతులో దిగి పైకి రావడం, ఒక నిమిషం తేలడం, చుట్టూ తిరిగి బయటికి దారి చూసుకోవడం, సుమారు 23 మీటర్లు ఈదడం, నిచ్చెన లేకుండా గట్టెక్కడం. ఇవన్నీ వచ్చిన బిడ్డ కూడా ప్రవాహం ఉన్న కాలువలో సురక్షితమని అనుకోకూడదు. ఈత వచ్చినా నీటి దగ్గర పెద్దల కన్ను బిడ్డ మీదే ఉండాలి.