నవంబర్ 11: మౌలానా ఆజాద్ పుట్టినరోజున ఇంకా ఏమేం జరిగాయి?

నవంబర్ 11 వచ్చిందంటే స్కూళ్లలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఫొటో బయటికి వస్తుంది. దండ వేస్తారు, వ్యాసరచన పోటీ పెడతారు, పిల్లలకు మిఠాయి పంచుతారు. 2008 నుంచి దేశమంతా ఈ రోజును జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఇదే రోజు మైనారిటీ సంక్షేమ దినోత్సవం కూడా. అయితే ఈ తేదీ కథ ఒక్క మౌలానాతో అయిపోదు. వేర్వేరు ఏళ్లలో ఇదే రోజు జరిగిన మరికొన్ని సంఘటనలు కూడా తెలుసుకోదగ్గవే.

ఒకే రోజు పుట్టిన ఇద్దరు అధ్యక్షులు

మౌలానా ఆజాద్ 1888 నవంబర్ 11న మక్కాలో పుట్టారు. సరిగ్గా అదే రోజు, అదే ఏడాది సింధ్‌లోని హైదరాబాద్‌లో ఆచార్య జె.బి. కృపలానీ పుట్టారు. ఇద్దరూ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. మౌలానా 1940 నుంచి 1946 దాకా పార్టీని నడిపారు. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాటికి అధ్యక్షుడు కృపలానీ.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం కాగానే ఇద్దరినీ అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. నెహ్రూ, పటేల్‌తో పాటు మన మచిలీపట్నానికి చెందిన పట్టాభి సీతారామయ్య కూడా అక్కడే ఉన్నారు. మౌలానా భార్య జులైఖా బేగం 1943లో కలకత్తాలో కన్నుమూశారు. జైల్లో ఉన్న ఆయనకు కడసారి చూపు కూడా దక్కలేదు. ఆ కోటలో రాసిన ఉత్తరాలే తర్వాత ‘గుబార్-ఎ-ఖాతిర్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి.

స్వాతంత్ర్యం తర్వాత ఇద్దరి దారులు వేరయ్యాయి. మౌలానా చివరిదాకా మంత్రిగానే ఉన్నారు. కృపలానీ కాంగ్రెస్ వదిలేసి ప్రతిపక్షంలోకి వెళ్లారు. 1963లో లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే.

తుపాకులు ఆగిన రోజు

1918 నవంబర్ 11న ఉదయం 11 గంటలకు పశ్చిమ రణరంగంలో మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. ఫ్రాన్స్‌లోని కాంపియేన్ అడవిలో, ఒక రైలు బోగీలో సంతకాలు జరిగాయి. యూరప్ కథే కదా అనుకోవడానికి లేదు. సుమారు 13 లక్షల మంది భారతీయులు ఆ యుద్ధంలో పనిచేశారు. 74 వేల మందికి పైగా తిరిగి రాలేదు.

హైదరాబాద్ సంస్థానం పంపిన లాన్సర్లు కూడా పాలస్తీనా వైపు పోరాడారు. ఢిల్లీలోని తీన్ మూర్తి దగ్గర కనిపించే మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ దళాల గుర్తుగా పెట్టినవే.

ఇందులో మౌలానాకు కూడా ఒక లంకె ఉంది. యుద్ధం ఆగిన ఆ రోజే ఆయనకు 30 ఏళ్లు నిండాయి. అప్పటికి ఆయన రాంచీలో నిర్బంధంలో ఉన్నారు. ‘అల్ హిలాల్’ పత్రికలో ఆయన రాసిన రాతలు బ్రిటిష్ సర్కారుకు నచ్చలేదు. యుద్ధంలో ఉస్మానియా సామ్రాజ్యం ఓడిపోవడంతో ఖిలాఫత్ ప్రశ్న ముందుకొచ్చింది. విడుదలయ్యాక ఆయన ఆ ఉద్యమంలో ముందు వరుసలో నిలిచారు.

అరాఫత్ చివరి రోజు

2004 నవంబర్ 11న పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ పారిస్ దగ్గరి సైనిక ఆసుపత్రిలో చనిపోయారు. మరుసటి రోజు రమల్లాలో ఖననం చేశారు. 1994లో రబిన్, పెరెస్‌లతో కలిసి ఆయన నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. పాలస్తీనా రాజ్యాన్ని 1988లోనే గుర్తించిన దేశాల్లో భారత్ ఒకటి.

తేదీ సరే, చదువు సంగతి?

తేదీలు కలవడం యాదృచ్ఛికమే. అందులో మహిమ ఏమీ లేదు. ఏటా గుర్తు చేసుకోవడానికి అదొక సాకు, అంతే. అసలు గుర్తుపెట్టుకోవాల్సింది మౌలానా చేసిన పని.

ఆయన ఏనాడూ బడి మెట్లెక్కలేదు. చదువంతా ఇంట్లోనే, తండ్రి దగ్గర, ఉస్తాద్‌ల దగ్గర సాగింది. అలాంటి మనిషి దేశానికి తొలి విద్యాశాఖ మంత్రి అయి, 1958లో చనిపోయేదాకా ఆ బాధ్యతలో ఉన్నారు. ఆయన హయాంలోనే 1951లో ఖరగ్‌పూర్ ఐఐటీ మొదలైంది, 1953లో యూజీసీ వచ్చింది. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉన్న జాతీయ ఉర్దూ యూనివర్సిటీకి 1998లో ఆయన పేరే పెట్టారు.

ఆయన పేరు మీదే మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఒక ఫెలోషిప్ ఉండేది. కేంద్రం 2022-23 నుంచి దాన్ని ఆపేసింది. ఇలాంటి పథకాలు వేరే ఉన్నాయి కాబట్టి ఇది అక్కర్లేదని చెప్పింది. అదే ఏడాది నుంచి 1 నుంచి 8 తరగతుల మైనారిటీ పిల్లలకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా ఆగింది. విద్యాహక్కు చట్టం కింద ఆ తరగతుల్లో చదువు ఉచితమే కదా అన్నది కారణం. కానీ ఫీజు లేకపోయినా ఆటో, బ్యాగు, నోటుపుస్తకాలు, ట్యూషన్ ఖర్చులు ఇంటివాళ్ల మీదే పడతాయి. ఆటో నడిపే తండ్రికి, ఇంట్లో కుట్టుపని చేసే తల్లికి ఆ కొంచెం డబ్బు కూడా లెక్కే.

అందుకే ఈ నవంబర్ 11న పిల్లల చేత మౌలానా మీద వ్యాసం రాయిస్తే మంచిదే. దాంతో పాటు స్కూల్ హెడ్‌మాస్టర్‌ను, జిల్లా మైనారిటీ సంక్షేమ ఆఫీసును ఒక మాట అడగాలి: మా పిల్లల తరగతికి ఇప్పుడు ఏ స్కాలర్‌షిప్ ఉంది, చివరి తేదీ ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి? ఇన్‌కమ్ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా ముందే సరిచూసుకుంటే ఆఖరి రోజున మీసేవ ముందు క్యూ కట్టే పని తప్పుతుంది.