చిట్టా వేరు, ఆవర్జా వేరు

పూర్వము మన ఊళ్ళ దుకాణములలో గుమాస్తా ఎదుట రెండు పుస్తకములుండెడివి. జరిగినది జరిగినట్లు, తేదీ వెంబడి తేదీగా, ఒక్కొక్క వ్యవహారమునకు ఒక్కొక్క పద్దుగా వ్రాసికొనునది చిట్టా. ఆ పద్దులను ఎవరి ఖాతాకు వారివి విడదీసి, ఎవరినుండి ఎంత రావలసినదో, ఎవరికెంత ఈయవలసినదో తేల్చి చూపునది ఆవర్జా. చిట్టాలో పడని పద్దు ఆవర్జాకు ఎక్కదు. నేడు కిరాణా కొట్టు మొదలు కళాశాల వరకు ప్రతి బల్లమీదను వెలుగుచున్న స్ప్రెడ్‌షీటును చూచినపుడెల్ల నాకు ఈ రెండు పుస్తకములే జ్ఞప్తికి వచ్చును. ఏలయన, దానితో మనము పడు అవస్థలలో అధికభాగము ఆ రెంటిని ఒకే షీటులో కలిపివేయుట వలననే పుట్టుచున్నదని నా దృఢవిశ్వాసము.

ఈ సాధనము నల్లబల్ల వద్ద పుట్టినది. ఆచార్యుడు గళ్ళలో వేసిన అంకెలలో ఒకటి మారినంతనే, దానిపై ఆధారపడిన వానినన్నిటిని చెరిపి మరల వ్రాయవలసి వచ్చుట చూచిన హార్వర్డు విద్యార్థి డాన్ బ్రిక్లిన్, మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విసికాల్క్ అను ప్రోగ్రామును వెలువరించెను. ఎక్సెల్ వచ్చినది 1985లో. ఒక అంకె మార్చినచో తక్కినవి తామే సర్దుకొనుట దీని పరమప్రయోజనము కాగా, కాలిక్యులేటరుపై కూడిన మొత్తమును తెచ్చి గడిలో కొట్టువారిని చూచినపుడు నా మనస్సు చివుక్కుమనును.

మా బంధువులమ్మాయి ఒకతె ఎరువుల దుకాణములో లెక్కలు చూచును. ఒకనాటి సాయంకాలము ఫోను చేసి, “పెదనాన్నగారూ, అన్నీ ఎక్కించాను, రెండుసార్లు సరిచూశాను. అయినా పెట్టెలో డబ్బు షీటు మొత్తం కన్నా 25,250 ఎక్కువ ఉంది” అన్నది. వెళ్ళి చూచితిని. అందము కొరకు గడులన్నిటిని మధ్యకు సర్దియుంచినది. ఆ అమరిక తీసివేయగనే అంకెలన్నియు కుడిప్రక్కకు జరిగి, మూడు గడులు మాత్రము ఎడమ అంచున నిలిచిపోయినవి: 12,500/-, 8,000/-, 4,750/-. బిల్లు పుస్తకముపై వ్రాసిన అలవాటు చొప్పున మరియొక గుమాస్తా చేర్చిన ఆ గీతల వలన అవి అంకెలు కాక అక్షరములైనవి. సమ్ ఫార్ములా అట్టివానిని ఒక్క మాటైన చెప్పక దాటిపోవును. కంట్రోల్, హెచ్ నొక్కి ఆ గుర్తును తొలగింపగనే లెక్క కుదిరినది. అంకె కుడికి, అక్షరము ఎడమకు ఒరుగుట ఎక్సెల్ మనకు తానై చేయు హెచ్చరిక. దానిని అలంకారము క్రింద కప్పిపుచ్చరాదు.

తేదీల సంగతియు ఇట్టిదే. ఎక్సెల్ తేదీని 1900 జనవరి 1 మొదలు లెక్కించిన దినసంఖ్యగా దాచుకొనును. కనుకనే ఒక తేదీనుండి మరియొకదానిని తీసివేసి, అప్పు ఎన్ని దినములుగా నిలిచియున్నదో చెప్పగలదు. కంప్యూటరు అమెరికా పద్ధతికి అమర్చియున్నచో మన 04/05/2024 మే 4 కాక ఏప్రిల్ 5 అగును. 13/05/2024 అసలు తేదీయే కాక వట్టి అక్షరముగా మిగులును. ప్రాంతమును భారతదేశముగా ముందే సరిచేసికొనవలెను. ఇక బ్యాంకు ఖాతా సంఖ్యలు: ఎక్సెల్ 15 అంకెలకు మించి నిలుపుకొనజాలదు, 16వది సున్నగా మారును, మొదటనున్న సున్నలు రాలిపోవును. ఆ కాలమ్‌ను కొట్టుటకు ముందే టెక్స్ట్‌గా మార్చవలెను.

చిట్టా షీటునకు ఒక్కటే శీర్షికల వరుస చాలును. నెలకొక షీటు వలదు, మధ్య ఖాళీ వరుసలు వలదు, గడులను మెర్జ్ చేయుట అసలే వలదు. బాకీదారు వరుసకు పసుపు రంగు పూయుట చూచుటకు బాగుగనే యుండును గాని, ఫార్ములాలకు రంగు కనబడదు; “వసూలు” అను కాలమ్ పెట్టి అవును, కాదు అని వ్రాయుట మేలు. సుబ్బారావు ఒకచోట, సుబ్బా రావు వేరొకచోట ఐనచో యంత్రమునకు వారిద్దరు మనుష్యులు. కావున డేటా వాలిడేషన్‌తో పేర్ల జాబితా కట్టి, అందుండియే ఎన్నుకొనునట్లు చేయవలెను.

పిదప కంట్రోల్, టి నొక్కి ఆ చిట్టాను టేబుల్‌గా మార్చిన యెడల, క్రొత్త వరుస చేరినపుడెల్ల ఆ టేబుల్‌పై ఆధారపడిన ఫార్ములాల పరిధి తానే పెరుగును. ఇది చిన్న సౌకర్యము కాదు. ఆర్థికశాస్త్రవేత్తలు రైన్‌హార్ట్, రోగోఫ్‌లు 2010లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో, 49వ వరుసవరకు పోవలసిన సరాసరి ఫార్ములా 44వ వరుసవద్దనే ఆగుటచే 20 దేశములలో 5 దేశములు లెక్కకు రాలేదు. ప్రభుత్వ ఋణములపై దేశదేశముల చర్చలలో ఉదాహరింపబడిన ఆ వ్యాసములోని ఈ పొరపాటును 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి పట్టెను. అంకెలన్నియు షీటులోనే యున్నవి!

ఆవర్జాను చేతితో వ్రాయ పనిలేదు. వేరొక షీటులో పివట్ టేబుల్ పెట్టినచో ఖాతాలవారీగా, నెలలవారీగా అదియే విడదీయును; కాని చిట్టా మారినపుడు రిఫ్రెష్ నొక్కనిదే అది పాత లెక్కనే చూపుచుండునని మరువరాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండు షీటులకు చిట్టా, ఆవర్జా అనియే పేర్లు పెట్టుకొన్నది. పైవరుసలో “తేడా” అను ఒక గడి యున్నది. రాత్రి దుకాణము కట్టుటకు ముందు పెట్టెలోని సొమ్ము లెక్కించి ఆ అంకె కొట్టగా, అక్కడ సున్న కనబడవలెను. మొన్న ఒకనాడు 500 కనబడినదట. ఆనాటి వరుసలు తొమ్మిదే గనుక, వెనుకకు వచ్చిన పురుగుమందు డబ్బా పద్దు ఎక్కించుట మరచితినని కనుగొని, తాళము వేయుటకు ముందే సరిచేసినది.