మన నగరంలోని కొన్ని వింతలు

హైదరాబాదుకు వచ్చిన బంధువులను చార్మినారుకు తీసుకొనిపోయి, లాడ్‌బజారులో గాజులు కొనిపించి రైలెక్కించడం మనకు ఆనవాయితీ. 1591లో వెలసిన ఆ కట్టడం నగరానికి తలమానికమే. అయితే ఈ నగరంలో మరొక కోవకు చెందిన వింతలు కొన్ని ఉన్నాయి. ఊరక చూసి పోయేవారికి అవి తమ గుట్టు విప్పవు. ఒకచోట చప్పట్లు చరచాలి, ఒకచోట వేచి ఉండాలి, మరికొన్ని చోట్ల తెలిసినవారిని అడగాలి. ఒక్క దినంలో చూడదగిన నాలుగింటిని సోదర విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎండ ముదరక ముందే గోల్కొండకు వెళ్ళడం మేలు. కోట ప్రవేశద్వారం వద్ద గుమ్మటం కింద నిలిచి చప్పట్లు చరిస్తే, సుమారు 120 మీటర్ల ఎత్తున్న కొండపై బాలా హిస్సారులోని వారికి వినబడుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు. గుమ్మటపు లోపలి వంపులు ధ్వనిని చెదరనీయక ప్రతిఫలింపజేస్తాయి. కొండపైనున్న వారిని హెచ్చరించడానికి ఈ ఏర్పాటు ఉపకరించేదని చెబుతారు. ఇద్దరు మిత్రులు కలిసి వెళ్ళి, ఒకరు కింద, ఒకరు పైన నిలిస్తేనే ఈ వింత పూర్తిగా అనుభవానికి వస్తుంది.

అక్కడినుండి మధ్యాహ్నం పన్నెండు గంటల లోపున సాలార్‌జంగ్ మ్యూజియం చేరుకోవాలి. శుక్రవారం దానికి సెలవు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థవారి గడియారం ముందు జనం గుమిగూడి ఉంటారు. గంట కొట్టే వేళకు ఒక చిన్న బొమ్మ తలుపు తెరుచుకొని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిమార్లు ఘంట మ్రోగించి లోనికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు వినవచ్చు. పిదప జంట దారుశిల్పం చూడాలి. ఎదుట మెఫిస్టోఫిలిస్ అనే పిశాచం గర్వంగా నిలిచి ఉంటాడు. వెనుకనున్న అద్దంలో తల వంచిన మార్గరెట్టా అనే కన్య కనిపిస్తుంది. గోథే రచించిన ‘ఫౌస్ట్’ నాటకంలోని ఈ రెండు పాత్రలనూ శిల్పి ఒకే దుంగలో మలిచాడు.

అటుపై మూసీ దాటి ఉస్మానియా వైద్యశాల ఆవరణలోని చింతచెట్టు వద్దకు వెళ్ళాలి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలాదిమంది మరణించారు. సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలను ఆశ్రయించి ప్రాణాలు దక్కించుకున్నారు. ఉర్దూ రుబాయీలకు పేరొందిన అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయినది ఆ వరదలోనే. నేను ఆ వైద్యశాలకు ఎన్నిమార్లు వెళ్ళినా, ఒక పెద్దాయన చెప్పేవరకు దానిని కేవలం ఒక చెట్టుగానే చూశానని ఒప్పుకొనక తప్పదు.

సాయంకాలం మలక్‌పేట దాటి రేమండ్ సమాధి చేరుకోవచ్చు. రెండవ నిజాము కొలువులో సేనానిగా ఉండిన ఈ ఫ్రెంచివాడు 1798లో మరణించాడు. స్థానికులలో హిందువులు ఆయనను మూసా రాం అని, ముస్లిములు మూసా రహీం అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ అనే పేరు అలా వచ్చినదే. నిత్యం ఆ పేరుగల బస్సు ఎక్కేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసు? ఆ సమాధి వద్దనున్న మండపం 2001లో కూలిపోగా, తరువాత తిరిగి నిర్మించారు.

కూలిన రాతిని మరల నిలబెట్టవచ్చు. కాని చెట్టుకు, పేరుకు అంటిపెట్టుకొని ఉన్న కథ ఒకసారి మరుగున పడితే దానిని నిలబెట్టే మేస్త్రీ దొరకడు. ఆ కథ తెలిసిన పెద్దలు మన ఇండ్లలోనే ఉన్నారు. కొందరు ఉర్దూలో చెబుతారు, కొందరు తెలుగులో చెబుతారు. ఈసారి ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు వారిని చార్మినారుతో పాటు ఆ చింతచెట్టు వద్దకు కూడా తీసుకొని వెళ్ళండి. బయలుదేరే ముందు ఇంటిలోని తాతగారిని ఒక్కమాట అడగండి.