విస్తరణకు వీలైన గ్రామ క్రీడారంగము

మన గ్రామములలో ఆటలాడు యువజనులకు కొరత లేదు. ఆడుకొను చోటునకే కొరత. అనేక గ్రామములలో కోత కోసిన పొలమే ఆటస్థలము. దుక్కి మొదలు కాగానే ఆట ముగియును. కొంత ధనము సమకూడిన చోట, మొదట వేదికయు రేకుల కప్పును నిర్మించి, తరువాత సొమ్ము చాలక మైదానమును గుంటలతో విడిచిపెట్టుటయు కలదు. కొన్నేండ్లలో చుట్టును ఆక్రమణలు వెలసి, పెంచుకొనుటకు చోటే మిగులదు.

కావున పటమును ఒకేమారు పూర్తిగా గీయవలెను. పనిని విడతలుగా చేయవలెను.

స్థలము: ఎనిమిది వరుసల 400 మీటర్ల పరుగు బాటకు సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావలెను. 200 మీటర్ల పొడవు, 120 మీటర్ల వెడల్పు గల స్థలము, అనగా సుమారు ఆరు ఎకరములు ఉన్నచో, బాటయు, దాని నడుమ ఫుట్‌బాల్ మైదానమును, ప్రక్కన ప్రేక్షకుల గట్టును ఇముడును. ఇంత భూమి లేని గ్రామములు నిరాశ చెందనక్కరలేదు. కబడ్డీ కోర్టుకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పును, వాలీబాల్ కోర్టుకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పును, చుట్టును కొంత ఖాళీయును చాలును. మైదానపు పొడవు ఉత్తర దక్షిణములుగా ఉండవలెను. లేనిచో ఉదయ సాయంకాలములందు ఎండ ఆటగాండ్ర కన్నులలో పడును.

ప్రేక్షకుల గట్టు: చుట్టును మెట్లపై కూర్చుండి వినోదములు చూచుట మనకు కొత్త కాదు. ఇక్ష్వాకుల కాలమున నాగార్జునకొండలో నాలుగు వైపుల మెట్లు గల రంగస్థలము వెలసినది. దానిని నేడు అనుపులో చూడవచ్చును. ప్రాచీన గ్రీకుల ఒలింపియా క్రీడారంగమునందు ప్రేక్షకులలో అత్యధికులు మట్టిగట్టు వాలుపైననే కూర్చుండెడివారు.

మైదానమును చదును చేయునప్పుడును, మురుగు కాలువలు త్రవ్వునప్పుడును వచ్చు మట్టినే పడమటి వైపున గట్టుగా పోసి, పొరపొరకు నీరు చల్లి దిమ్మిస చేయవలెను. పడమట కూర్చున్నవారికి సాయంకాలపు ఎండ వీపున పడును. మెట్టుకు 40 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంచి, 60 మీటర్ల పొడవున ఐదు మెట్లు కట్టినచో, మనిషికి అర మీటరు చొప్పున 600 మంది కూర్చుండగలరు. నడకదారులు విడిచిన మేరకు ఈ సంఖ్య కొంత తగ్గును. వెనుక వాలుపై గరిక నాటినచో వానకు మట్టి జారదు.

విస్తరణ: గట్టునకు రెండు కొనలందును, వెనుకను ఖాళీ నేల విడువవలెను. పొడవును 120 మీటర్లకు పెంచినచో 1,200 మందికి చోటు కలుగును. ఆపై మరి ఐదు మెట్లు ఎక్కించుటకు వెనుక 10 మీటర్ల నేల అవసరము. ఆ నేలలో చెట్లు గాని, గదులు గాని ఉండరాదు. వేప, కానుగ మొక్కలను సరిహద్దు వెంబడి మాత్రమే నాటవలెను. కప్పు వేయు తలంపున్నచో, ఇంజనీరు లెక్క ప్రకారము దాని పునాదిని ముందే వేయవలెను. బలము చూడక బరువెక్కించుట ప్రాణాపాయము. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున, ఇబ్రాక్స్ మైదానమునందు 1902లో ఎత్తైన కొయ్య కట్టడము కూలి 25 మంది మరణించిరి. పిమ్మట అచట మట్టిగట్టులపై మెట్లు నిర్మించిరి.

పనుల వరుస: మొదటి సంవత్సరము సర్వే చేయించి, హద్దురాళ్లు పాతి, గ్రామసభలో తీర్మానము చేయవలెను, నేల చదును చేసి, కాలువలు త్రవ్వవలెను. రెండవ సంవత్సరము కోర్టులు, త్రాగునీరు, స్త్రీ పురుషులకు వేర్వేరు మరుగుదొడ్లు. మూడవ సంవత్సరము గట్టు, మెట్లు. కప్పు అన్నిటికంటె చివర. నడుమ ఏ సంవత్సరమైనను సొమ్ము చాలక పని ఆగినను, అంతవరకు చేసినది పిల్లలకు ఉపయోగపడుచునే ఉండును.

మెట్లు లేకున్నను ఆట సాగును. నేల లేకున్న సాగదు. కావున గ్రామస్థులు ముందుగా హద్దురాళ్లు పాతుకొందురు గాక!